1/35 ష్విమ్‌వాగన్‌కు కామఫ్లాజ్: రంగులో తెలుపు కలపాలా, వద్దా?

పడవబండి:
అందరికీ నమస్కారం. మూడు వారాలుగా కడుతున్న ష్విమ్‌వాగన్ టైప్ 166 ప్లాస్టిక్ మోడల్ (1/35, అంటే నిజం బండిలో 35వ వంతు) నిన్న రాత్రికి ప్రైమర్ దాకా, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత దాకా వచ్చింది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 1944 దాకా జర్మన్లు తయారుచేసిన ఉభయచర కారు ఇది. నీళ్లలోకి దిగగానే వెనకాల పైకి మడిచి ఉన్న ప్రొపెల్లర్‌ను కిందికి దించుతారు. తలుపులు ఉండవు, బాడీ మొత్తం ఒక తొట్టి. పైన టాప్ వేయకుండా చూపిస్తున్నాను కాబట్టి లోపలంతా కనబడుతుంది. ఎజెక్టర్ పిన్ గుంటలు (అచ్చులోంచి ముక్కను తోసే పిన్నుల గుర్తులు) పుట్టీతో పూడ్చి రుద్దడానికే రెండు సాయంత్రాలు పట్టింది. ప్రొపెల్లర్, తెడ్డు, సైలెన్సర్, ముందు అద్దం రంగు వేశాకే అతికిస్తాను.

అసలు ప్రశ్న ఇది. ముదురు పసుపు మీద ఆలివ్ ఆకుపచ్చ, ఎర్ర గోధుమ మచ్చలు వేద్దామనుకుంటున్నాను. స్కేల్ ఎఫెక్ట్ (చిన్న మోడల్ మీద రంగు అసలు కంటే తేలికగా ఉండాలన్న లెక్క) కోసం మూడింట్లోనూ పదో వంతు తెలుపు కలపమని ఒక మిత్రుడు అంటున్నాడు. సీసాలో ఉన్నది ఉన్నట్టే వేయమని ఇంకొకరు. ఇద్దరూ నాకంటే బాగా కట్టేవాళ్లే. మీరేమంటారు?

సన్నకుంచె:
కలపండి, అనుమానమే వద్దు. దూరంగా ఉన్న కొండ పాలిపోయి కనబడుతుంది కదా, ఇదీ అంతే. చిన్న మోడల్‌ను కన్ను దూరాన ఉన్న బండిలాగే చూస్తుంది. నా మొదటి రెండు బండ్లకు సీసా రంగే వేశాను. వాష్, ఫిల్టర్ (రంగు మీద పూసే బాగా పలుచటి ముదురు పూతలు) పడ్డాక ఆకుపచ్చ దాదాపు నల్లగా అయిపోయింది. అరలో పెడితే మచ్చలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తెలియలేదు. వారాల కష్టం అలా చీకట్లో కలిసిపోతే ఎంత బాధగా ఉంటుందో అనుభవించాను.

మూడోకోటు:
సన్నకుంచె గారూ, మీ బాధ అర్థమైంది, కానీ కొండ పోలిక ఇక్కడ కుదరదు. లెక్క చూడండి. మోడల్‌ను మనం సుమారు 40 సెంటీమీటర్ల నుంచి చూస్తాం. 35తో గుణిస్తే 14 మీటర్లు. రోడ్డుకు అవతల ఆగిన కారు అంత దూరం. ఆ కారు రంగు మీ కంటికి పాలిపోతుందా? కొండ పాలిపోయేది మధ్యలో కిలోమీటర్ల కొద్దీ గాలి ఉంది కాబట్టి. 14 మీటర్ల గాలి ఏ రంగునూ మార్చదు.

పైగా తెలుపు ఒట్టి వెలుగు మాత్రమే తేదు, రంగు గుణాన్నే మార్చేస్తుంది. ఎర్ర గోధుమలో వేస్తే గులాబీ వైపు పోతుంది. ఆకుపచ్చలో వేస్తే సుద్ద కలిపినట్టు ఉంటుంది. నేను ఒకసారి అలా వేసి, మొత్తం కడిగి మళ్లీ ప్రైమర్ నుంచి మొదలుపెట్టాను.

కొత్తకిట్టు:
నాకో సందేహం. "సీసాలో ఉన్నది ఉన్నట్టు" అంటే ఏ సీసా? నా దగ్గర రెండు కంపెనీల డంకెల్‌గెల్బ్ (ఆ ముదురు పసుపే) ఉన్నాయి. పక్కపక్కన పూస్తే ఒకటి ఆకుపచ్చ వైపు, ఇంకొకటి గోధుమ వైపు మొగ్గుతోంది. మరి సరైనది ఏదని చెప్పాలి?

సన్నకుంచె:
మూడోకోటు గారూ, దూరం లెక్క ఒప్పుకుంటున్నాను. ఇన్నాళ్లూ నేను చెప్పిన కారణం తప్పే. కానీ మోడల్ ముదురుగా కనబడుతుందన్నది నా కళ్లారా చూసినది, దానికి వేరే కారణం ఉంది: వెలుతురు. నిజం బండి నిలబడేది ఎండలో, మిట్టమధ్యాహ్నం వెలుతురు లక్ష లక్స్ (వెలుతురు కొలత) దాకా ఉంటుంది. మన టేబుల్ లైట్ కింద ఐదారు వందల లక్స్ ఉంటే గొప్ప. వెలుతురు పెరిగేకొద్దీ అదే రంగు మరింత నిండుగా కనబడుతుంది, దాన్ని హంట్ ఎఫెక్ట్ అంటారు. గదిలోకి తేగానే ఆ నిండుదనం పోయి రంగు మందంగా, మూసుకుపోయినట్టు అవుతుంది. కాబట్టి తేలిక చేయడం మానను. కారణం మార్చుకున్నానంతే.

మూడోకోటు:
ఇది గట్టి మాట. వెలుతురు కోసం తేలిక చేయడాన్ని నేను కాదనను. కానీ దానికి తెలుపు ఎందుకు? కొత్తకిట్టు గారి సందేహంలోనే జవాబు ఉంది.

1943 ఫిబ్రవరి ఆదేశంతో జర్మన్ సైన్యం బండ్ల మూల రంగు ముదురు బూడిద నుంచి ముదురు పసుపుకు మారింది. ఆకుపచ్చ, ఎర్ర గోధుమ ముద్ద రూపంలో డబ్బాల్లో యూనిట్లకు వెళ్లేవి. సైనికులే పెట్రోలుతోనో నీళ్లతోనో పలుచన చేసి వేసుకునేవారు. ఒక చోట చిక్కగా, ఇంకో చోట పలుచగా పడేది. పలుచగా పడ్డచోట కింది పసుపు తొంగిచూస్తుంది. అంటే ఆ బండిమీద ఆకుపచ్చను తేలిక చేసింది తెలుపు కాదు, దాని కింద ఉన్న పసుపు.

మనమూ అదే చేద్దాం. ఆకుపచ్చలో, గోధుమలో కొంచెం మూల పసుపే కలపాలి, థిన్నర్ ఎక్కువ పోసి పలుచటి పొరలు వేయాలి. మూడు రంగులూ ఒకే కుటుంబంలా కలిసిపోతాయి, ఎక్కడా సుద్ద కనబడదు.

అంచుల గురించీ చెప్పాలి, అక్కడే చాలామంది మోడల్ పాడవుతుంది. స్ప్రే గన్‌తో వేసిన మచ్చకు నిజం బండి మీద 10 సెంటీమీటర్ల మెత్తటి అంచు ఉందనుకోండి, 1/35లో అది 3 మిల్లీమీటర్ల లోపే. ష్విమ్‌వాగన్ వెడల్పే 148 సెంటీమీటర్లు, అంటే మోడల్‌లో 42 మిల్లీమీటర్లు. ఇంత చిన్న ఒంటి మీద అంచు 6 మిల్లీమీటర్లు పరుచుకుంటే మచ్చ పొగలా కనబడుతుంది. ప్రెషర్ 15 పీఎస్ఐ దగ్గర ఉంచి, ఎయిర్‌బ్రష్‌ను (గాలితో రంగు చిమ్మే చిన్న గన్‌ను) రెండు సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చి, ముందు మచ్చ చుట్టుగీత గీసి, తర్వాత లోపల నింపండి. చెయ్యి కుదరకపోతే పాత ప్లాస్టిక్ ముక్క మీద వంద మచ్చలు వేసి చూడండి.

ఇంకొకటి. తలుపులు లేవు కాబట్టి ఎక్కేవాళ్లంతా తొట్టి అంచు మీదుగా కాలు వేయాల్సిందే, పెచ్చులూడే చోటు అదే. మీరు చూపించేది 1943కు ముందు తయారై తర్వాత పసుపు పూసిన బండి అయితే, అక్కడ పసుపు కింది పాత బూడిద రంగు కనబడనివ్వండి. తుప్పు కంటే అదే నిజంగా ఉంటుంది.

కొత్తకిట్టు:
అడుగు భాగం మీద మట్టి దట్టంగా వేయాలా?

మూడోకోటు:
ఇప్పుడే నదిలోంచి వచ్చినట్టు చూపిస్తే వద్దు, నీళ్లు కడిగేస్తాయి. ఆరిన ఒండ్రు గీత ఒకటి, కింద గట్టుకు రాసుకున్న గీతలు చాలు.

పడవబండి:
అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ నాలుగు ప్లాస్టిక్ స్పూన్లకు ప్రైమర్ వేసి, అన్నిటికీ మూల పసుపు కొట్టాను. ఒకదానిమీద సీసా ఆకుపచ్చ, రెండోదానిమీద తెలుపు కలిపినది, మూడోదానిమీద నాలుగో వంతు పసుపు కలిపినది, నాలుగోదానిమీద అదే గానీ మూడు పలుచటి పొరలుగా. అన్నిటిమీదా ఒకే గోధుమ వాష్. మోడల్ ఉండబోయే అరలోనే, ఆ లైటు కిందే చూశాను.

సీసా ఆకుపచ్చ సన్నకుంచె గారు చెప్పినట్టే నల్లబడింది. తెలుపు కలిపినది స్పూన్ వంపు దగ్గర తేటగానే ఉంది, కానీ పక్కనున్న పసుపుతో అతకలేదు, వేరే బండి ముక్కలా ఉంది. మూడోది బాగుంది. నాలుగోదాన్ని మాత్రం చేతిలోంచి దించబుద్ధి కాలేదు. మచ్చ మధ్యలో ఆకుపచ్చ నిండుగా ఉండి, అంచుకు వచ్చేసరికి పసుపులోకి కరిగిపోయింది. కిటికీ దగ్గర పగటి వెలుతురులో పెడితే కొంచెం ఎక్కువ తేలికైంది అనిపించింది, అయినా నా మోడల్ ఉండేది అరలోనే.

సన్నకుంచె:
ఆకుపచ్చ వరకు నాకూ సమ్మతమే. గోధుమ రంగుకు నాలుగో వంతు పసుపు చాలదు, వాష్ పడ్డాక అదే ముందు నల్లబడుతుంది. మూడో వంతుతో ఇంకో స్పూన్ వేసి చూడండి.

పడవబండి:
వేస్తున్నాను. అది ఆరాక మొదటి మచ్చ వెనక భాగంలో, ప్రొపెల్లర్ మడిస్తే దాని కిందికి పోయే చోట పెడతాను.