పచ్చబడ్డ రైఫిల్ తూటాలు తోమవచ్చా?

ప్రశ్న – గజపతి జిల్లా రైతు
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి పక్క పల్లె. పంట కాపలాకి మా నాన్నగారి దగ్గర పాయింట్ 315 రైఫిల్ ఉండేది, ఇప్పుడు లైసెన్సు నా పేరుకి మారింది. తూటాలు మాత్రం తోలు బెల్టులోనే ఉండిపోయాయి. వానలు వెళ్లాక తీసి చూస్తే తోలు తగిలిన చోటల్లా పచ్చగా చిలుము. చింతపండుతో తోమమని ఇంట్లో అంటున్నారు. అమెరికాలో ఉన్న మా బావ తూటాలు సొంతంగా నింపుకుంటాడు, మెషీన్లో వేసి తిప్పితే అద్దంలా వస్తాయంటాడు. ఏది చెయ్యమంటారు?

జవాబు – మాజీ సైనికుడు, పాతపట్నం
బాబూ, రెండూ వద్దు. మందున్న తూటాకి పొడి నూలుగుడ్డ ఒక్కటే.

మీ బావగారు తిప్పేది పేలిపోయిన ఖాళీ కేసులు, అంటే తూటాల ఇత్తడి తొడుగులు అయివుంటాయి, కనుక్కోండి. వాటిని మొక్కజొన్న కండెల రవ్వలోనో అక్రోటు పెంకుల పొడిలోనో వేసి గంటల తరబడి కదిలిస్తారు. నీళ్లలో సన్నటి స్టీలు పిన్నులతో తిప్పేవాళ్లూ ఉన్నారు, అప్పుడు లోపలి తడి పూర్తిగా ఆరాకే మందు పోస్తారు. మెరుపు పని అంతా నింపకముందే అయిపోవాలి. నింపాక మిగిలేది కేసుకి అంటిన జిడ్డు గుడ్డతో తుడవడమే. తూటా అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న బిళ్లని ప్రైమర్ అంటారు; పేలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది గనక ఆ దుమ్ము పీల్చకూడదు, వంటగిన్నెలు వాడకూడదు. నిండు తూటాని మెషీన్లో వేస్తే ఒకదాని మొన ఇంకోదాని ప్రైమర్‌కి తగులుతుంది. లోపల మందు పలుకుల మీది పూత అరిగితే అది మండే వేగమే మారుతుంది.

ఇంకో మాట. మన దగ్గర తూటాలు తయారు చెయ్యాలంటే 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం వేరే లైసెన్సు కావాలి. పంట రక్షణ లైసెన్సు అందుకు చెల్లదు.

చింతపండు సంగతి. కేసు ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పులుపు ఆ జింకుని లాగేస్తుంది. తోమాక గులాబీ రంగు తేలిందంటే పైన రాగే మిగిలిందని అర్థం. చెంబుకైతే నష్టం లేదు గానీ, తూటా కేసు పేలినప్పుడు మామూలు గాలి ఒత్తిడికి వేల రెట్ల ఒత్తిడి తట్టుకోవాలి. పైగా ఆ నీరు ప్రైమర్ అంచు నుంచి లోపలికి దిగవచ్చు.

అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్ అయితే అసలు దగ్గరికి రానివ్వకండి. ఇంతకీ బెల్టు ఎక్కడ వేలాడదీశారు?

రైతు
కొట్టుగదిలో మాస్టారూ. యూరియా బస్తాలు అక్కడే ఉంటాయి, గోడ అవతల పశువుల సాల.

మాజీ సైనికుడు
నా భయం అదే. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే గుర్రపుసాలల్లో దాచిన తూటాలు వానాకాలంలో వాటంతట అవే చీలేవి. కారణం 1921లో తేలింది. కేసు తయారీలో ఇత్తడిని లాగి సాగదీస్తారు, ఆ బిగువు లోహంలో ఉండిపోతుంది. దానికి తేమ, గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా తోడైతే పగులు పుడుతుంది. పశువుల మూత్రమైనా అంతే. తడి తగిలిన యూరియా కూడా అమ్మోనియా వదులుతుంది. మీ తూటాలు ఉన్నది సరిగ్గా ఆ గాలిలోనే.

అందుకని మెరుపు కోసం కాదు, చూడటం కోసం తుడవండి. రైఫిల్ పక్కన పెట్టి, ఎండపట్టున కూర్చుని, ఒక్కొక్కటీ తిప్పుతూ గుడ్డతో చిలుము తీయండి. ఇనుప పీచు వద్దు. బుల్లెట్ బిగిసిన మెడ దగ్గర వెంట్రుక వాసి గీత కనిపించినా, చిలుము కింద గుంట తేలినా, ప్రైమర్ చుట్టూ పచ్చబడినా దాన్ని కాల్చొద్దు. రంగు మాసి నల్లబడ్డంత మాత్రాన దోషం లేదు. తుడిచాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

మరో సభ్యుడు, గుణుపూర్
మా ఊళ్లో కొబ్బరినూనె రాస్తారండి, చిలుము రాదని.

మాజీ సైనికుడు
వద్దండి. నూనె ప్రైమర్‌లోకి ఇంకితే తూటా తుస్సుమంటుంది. అంతకంటే ముఖ్యం, పేలినప్పుడు కేసు తుపాకీ గొట్టం లోపలి గోడని పట్టుకుని నిలవాలి. జిడ్డుంటే జారుతుంది, ఆ దెబ్బ తూటాని వెనకనుంచి మూసి ఉంచే బోల్టు మీద పడుతుంది. బోల్టు వెనకాల ఉండేది మన ముఖమే కదా!

రైతు
పాడైనవి ఏం చెయ్యాలి? పాతపట్నంలో ఎవరికైనా ఇచ్చెయ్యనా?

మాజీ సైనికుడు
సరిహద్దు దాటే ముందు లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం చూడండి. ఒడిశాకే పరిమితమని ఉంటే, ఆంధ్రలో ఉన్న పాతపట్నం మనకి పక్కూరైనా తూటా జేబులో వేసుకుని రాకూడదు. ముందు మీ పోలీస్ స్టేషన్‌లో చెప్పి, వాళ్లు చెప్పినట్టు అక్కడో లైసెన్సున్న డీలరుకో అప్పగించి రసీదు తీసుకోండి. నూతిలో వెయ్యడం, పాతిపెట్టడం, విప్పి మందు తియ్యడం చెయ్యకండి.

మంచివి తోలు బెల్టులో మళ్లీ పెట్టొద్దు, చిలుము తెచ్చింది ఆ తోలే. బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టి, ఇంట్లో పొడి గదిలో తాళం వేసి ఉంచండి. వానాకాలంలో పొట్లం మారుస్తూ ఉండండి.