గంజాయి మొక్కలో గంజాయి ఏది?

‘తులసివనంలో గంజాయి మొక్క’ అని తేలిగ్గా అనేస్తాం. మొన్న ఒక కేసు కాగితాలు తెలుగు చేస్తూ ‘గంజాయి’ అనే మాట దగ్గరే ఆగిపోయాను. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టంలో గంజాయి అంటే మొక్క కాదండీ, పూతో కాయో పట్టిన కొసలు మాత్రమే. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. పైగా ‘ఏ పేరుతో పిలిచినా సరే’ అని ఒక తోక. మనమేమో మొక్కనీ ఆకునీ కూడా గంజాయే అంటాం. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? తెలుగులో ఏమని రాయాలి?

జవాబు: అది ఉత్తరాది దుకాణాల లెక్క. ఆకు భంగు, పూత గంజా, బంక చరస్. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన హెంప్ డ్రగ్స్ కమిషన్ కూడా వీటిని విడివిడిగానే చూసింది. నిషేధం వద్దు, లైసెన్సులూ పన్నులూ చాలంది (ఖజానా సంగతి మరి!). బెంగాల్‌లోని నౌగావ్ పొలాల్లో మగమొక్కల్ని ఏరి పారేసేవారు. గింజ పట్టకపోతే పూతలో బంక బాగా ఊరుతుంది. ఆ ఏరేవాళ్లకి ఇంగ్లీషు కాగితాల్లో ‘గంజాయి డాక్టర్లు’ అని పేరు.

ఇక ‘ఏ పేరుతో పిలిచినా’ అన్న ఆ తోక. మత్తుమందుల మీద దేశాలు చేసుకున్న 1912 హేగ్ ఒప్పందం గొడవంతా నల్లమందు, మార్ఫిన్, కొకైన్‌లదే. 1925లో జెనీవాలో ఈజిప్టు పట్టుబట్టాక గంజాయి కూడా ఒప్పందంలోకి ఎక్కింది. అక్కడ రాసిన నిర్వచనం: ఆడమొక్క ఎండు పూత కొసలు, ‘వర్తకంలో ఏ పేరున్నా’. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం విడిగా ఉన్న ఆకునీ గింజనీ పేరు పెట్టి మరీ మినహాయించింది. ఆ వాక్యమే ఇంచుమించు అలాగే ఢిల్లీకి, మన చట్టంలోకి వచ్చింది. తులసికి విలువంతా ఆకులో ఉంటే, ఇక్కడ ఆకునే వదిలేశారు.

మరో జవాబు: సామెతకి ఢోకా లేదు లెండి, మొక్కని పెంచడం కూడా నేరమే. చిక్కంతా తూకం దగ్గర. పంచనామాలో ‘ఎండు గంజాయి’ అని మూట మొత్తం తూస్తారు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, బెయిలు కష్టం. ఆకూ కాడా తీసేసి తూచారా అని వకీలు అడిగేది అందుకే.

అడిగినవారు: అయితే ‘గంజాయి కొసలు’ అని రాసేస్తానండీ.

జవాబు: కొసలంటే చిగుళ్లనుకుంటారు. ‘గంజాయి పూత’ అనండి, పక్కన కాయ సంగతి మర్చిపోకండి.