అప్‌డేట్: మల్లెపూలు పనిచేయలేదు, కాఫీ పనిచేసింది

పెళ్లయి 11 ఏళ్లు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు తప్ప నాకూ మా ఆవిడకూ మధ్య మాటల్లేవు, ఏం చేయాలని నెల కిందట ఇక్కడ అడిగాను. చిన్న పనులతో మొదలుపెట్టమన్నారు చాలామంది.

మొదటిరోజు రెండు మూరల మల్లెపూలు తెచ్చాను. "ఇవాళేం తప్పు చేశారు?" అంది! కాస్త బాధేసింది. పూలు మానేసి, పొద్దున్నే ఫిల్టర్ కాఫీ నేనే కలపడం మొదలుపెట్టాను. డికాక్షన్ రాత్రే వేసి పెడతాను. మూడు రోజులు నీళ్లలా ఉందని తిట్టింది. ఆ తర్వాత గ్లాసు పట్టుకుని వంటింటి గట్టు దగ్గరే నిలబడి కబుర్లు చెబుతోంది. పదినిమిషాలే, ఫోన్లు పక్కగదిలో.

నిన్న నా క్యారేజీలో గోంగూర పచ్చడి, పక్కన విడిగా ఉల్లిపాయ ముక్కలు. నేను అడగలేదు. సంక్రాంతికి ఎవరి ఊరు వెళ్లాలన్న గొడవ మాత్రం ఇంకా తేలలేదు.