నెలవారీ కామిక్స్ అమ్మకాల గ్రాఫ్‌లో గీత కదలట్లేదు, ఎవరైనా చూడండి (అర్జెంట్)

హరి_డల్లాస్:
పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నా, ఇక బుర్ర పనిచేయడం లేదు. క్లాస్ ప్రాజెక్టు కోసం ఒక సూపర్‌హీరో సిరీస్ తీసుకున్నా. రచయిత మారినప్పుడు, కథ దారి మారినప్పుడు నెలవారీ అమ్మకాలు ఎలా మారాయో చూపించాలి. కామిక్రాన్ సైట్‌లోని నెలవారీ లిస్టులు 2011 సెప్టెంబర్ నుంచి షీట్‌లో ఎక్కించా. పోలిక కోసం పెట్టిన మిగతా సిరీస్‌ల గీతలన్నీ లేస్తున్నాయి, పడుతున్నాయి. నాకు కావాల్సిన దాని గీత మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఉంది. 2020 మధ్యకొచ్చేసరికి ఒక్కసారిగా సున్నా. ఫార్ములాలు తిరగరాశా, పైథాన్‌లో కూడా వేసి చూశా. అదే గీత. రేపు రాత్రికి ఇచ్చేయాలి. ఎక్సెల్‌లో ఏదైనా సెట్టింగ్ మార్చాలా?

చార్టు_రాజు:
ఏ సిరీస్? ఏ కాలమ్?

లాంగ్‌బాక్స్_లలిత:
ఎక్సెల్ సంగతి తర్వాత చూద్దాం. అసలు ఆ అంకెల్ని అమ్మకాలు అనడమే నాకు ఎక్కదు. అవి షాపులు తెప్పించుకున్న కాపీలు. పాఠకుడు కొన్నవి కావు. అమెరికాలో కామిక్స్ షాపు ఒకసారి ఆర్డర్ పెట్టాక మిగిలిన సరుకు చాలావరకు వెనక్కి పంపడానికి వీల్లేదు. దానికి తోడు వేరియంట్ కవర్ల గోల, అంటే అదే సంచికని వేరే బొమ్మతో వేసే కవర్లు. మామూలు కవర్‌వి 25 కాపీలు తీసుకుంటే ప్రత్యేక కవర్ ఒకటి ఇస్తారు. ఆ ఒక్కదాన్ని మంచి ధరకి అమ్ముకోవచ్చని షాపతను అవసరం లేకపోయినా 25 తెప్పిస్తాడు. లిస్టులో ఆ సిరీస్ దూసుకుపోయినట్టు కనిపిస్తుంది. కొన్ని నెలలు పోయాక మా దగ్గరి షాపులో డాలర్‌కొకటి అమ్మే డబ్బాలు తిరగేస్తే అదే ఒకటో సంచిక వరసగా దొరుకుతుంది, ప్లాస్టిక్ కవర్ కూడా తీయకుండా. రచయిత గొప్పతనం ఎక్కడుంది ఇందులో?

పాతపుస్తకాల_శాస్త్రి:
లలిత గారు చెప్పింది నిజం. నిఖార్సయిన లెక్క కావాలంటే వెనక్కి వెళ్లాలి బాబూ. అప్పట్లో పోస్టాఫీసు నిబంధన ప్రకారం ఏడాదికోసారి సంచికలోనే ప్రకటన వేసేవారు: సగటున ఎన్ని అచ్చేశాం, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎన్ని తిరిగొచ్చాయి అని. బ్యాట్‌మాన్‌నే తీసుకోండి. 1964లో ఎడిటర్ జూలియస్ ష్వార్ట్జ్ చేతికొచ్చింది. గ్రహాంతరవాసుల కథలు తగ్గించి మళ్లీ డిటెక్టివ్ దారి పట్టించాడు. కార్మైన్ ఇన్ఫాంటినో బొమ్మలు, ఛాతీ మీద గబ్బిలం చుట్టూ పసుపు గుండ్రం అప్పుడు వచ్చినవే. 1965లో సగటు అమ్మకం నాలుగున్నర లక్షలు. 1966 జనవరిలో ఆడమ్ వెస్ట్ టీవీ సీరియల్ మొదలైంది, ఆ ఏడాది సగటు దాదాపు 9 లక్షలు! అంటే రెట్టింపు. రచయిత ఎవరో, ఎడిటర్ ఎవరో ఆ కొన్నవాళ్లలో ఎంతమందికి తెలుసు? టీవీ మోజు తగ్గాక అమ్మకాలూ దిగిపోయాయి. కాబట్టి మీ ప్రాజెక్టు ప్రశ్ననే మార్చుకుంటే మంచిదేమో ఆలోచించండి.

హరి_డల్లాస్:
శాస్త్రి గారూ, ప్రశ్న మార్చే టైమ్ లేదండీ. రాజు గారూ, బ్యాట్‌మానే, ఇంకేముంటుంది. కాలమ్ అంటే అమ్మకాల కాలమే కదా, పేరు పక్కనే ఉన్నది. స్కాట్ స్నైడర్ రాసిన టైమ్‌లో 100.00. టామ్ కింగ్ వచ్చాడు, 100.00. జేమ్స్ టైనియన్ వచ్చాడు, 100.00. అందుకే కదా పిచ్చెక్కుతోంది.

చార్టు_రాజు:
అది ఇండెక్స్. అందులో బ్యాట్‌మాన్ ఎప్పుడూ 100.

హరి_డల్లాస్:
అంటే?

వెంకట్_కూకట్‌పల్లి:
రాజు అన్న పొదుపు మనిషి, నేను చెప్తా. అప్పట్లో షాపులకి సరుకు పంపే పంపిణీదారు డైమండ్. వాళ్లు నెలనెలా మూడు వందల సంచికల లిస్టు ఇచ్చేవాళ్లు కానీ కాపీల సంఖ్య చెప్పేవాళ్లు కాదు. ఆ నెల బ్యాట్‌మాన్ ఆర్డర్‌ని 100 అనుకుని మిగతావాటిని దాంతో పోల్చేవాళ్లు. పక్కన 50 ఉంటే బ్యాట్‌మాన్‌కి వచ్చినదాంట్లో సగం అన్నమాట. తూకం రాయినే తక్కెట్లో పెట్టి బరువు మారలేదంటే ఎలా తమ్ముడూ!

ఇంకో తిరకాసు కూడా ఉంది. బ్యాట్‌మాన్ పెరిగిన నెలలో మిగతా సిరీస్‌లు ఏ మార్పూ లేకపోయినా కిందికి జారినట్టు కనిపిస్తాయి. అంటే నీ పోలిక గీతలు కూడా పనికిరావు. కామిక్రాన్ వాళ్లు ఆ ఇండెక్స్ నుంచి కాపీల అంచనా లెక్కగట్టి వేరే కాలమ్‌లో ఇస్తారు. అది తీసుకో. 2011 సెప్టెంబర్ ఒకటో సంచిక అంచనా లక్షన్నర పైనే ఉంటుంది, అది కనిపిస్తే సరైన కాలమ్ పట్టుకున్నట్టు.

హరి_డల్లాస్:
ఓకే. మరి 2020 సున్నా?

చార్టు_రాజు:
బ్యాట్‌మాన్ వేసే డీసీ డైమండ్‌ని వదిలేసింది. 2020 జూన్.

వెంకట్_కూకట్‌పల్లి:
అంతకుముందే ఏప్రిల్‌లో కరోనా వల్ల డైమండ్ కొత్త సరుకు పంపడం ఆపింది, మే నెలాఖరు దగ్గర మళ్లీ మొదలుపెట్టింది. ఆలోపు డీసీ వేరే పంపిణీదారుల దగ్గరికి వెళ్లిపోయింది, లూనార్ అలా వచ్చిందే. 2021 అక్టోబర్ నుంచి మార్వెల్ కూడా పెంగ్విన్ రాండమ్ హౌస్‌కి మారింది. ఆ తర్వాత అన్నిటినీ ఒకే తూకంలో చూపే లిస్టు లేదు. నువ్వు 2020 మార్చి దగ్గర ఆపేయ్. టైనియన్ 86వ సంచికతో ఆ జనవరిలోనే వచ్చాడు, మూడు నెలలకి అతని మీద తీర్పు చెప్పలేం. తీసేయ్.

లాంగ్‌బాక్స్_లలిత:
అన్నీ బాగానే ఉన్నాయి కానీ గ్రాఫ్ మీద “అమ్మకాలు” అని రాయొద్దు, “షాపుల ఆర్డర్లు” అని రాయి.

చార్టు_రాజు:
వెనక్కి ఇవ్వలేని సరుకు అమ్ముడైనట్టే. ప్రచురణకర్తకి డబ్బు వచ్చింది కదా.

లాంగ్‌బాక్స్_లలిత:
ప్రచురణకర్తకి వచ్చింది. షాపతనికి రాలేదు. అతను వచ్చే నెల తగ్గిస్తాడు, దానికి రచయితని తిడతారు. 90ల మొదట్లో ఇలాగే ఎక్కువెక్కువ తెప్పించుకుని ఎన్ని షాపులు మూతపడ్డాయో తెలియదా? 1991 ఎక్స్-మెన్ ఒకటో సంచిక 80 లక్షల పైన ఆర్డర్లు. చదివేవాళ్లు 80 లక్షల మంది ఉన్నారా?

చార్టు_రాజు:
ఉన్నారని నేను అనలేదు.

కమలా_అభిమాని:
షాపుల ఆర్డర్లనే చూస్తే 2014 మిస్ మార్వెల్ సిరీస్ విలువ ఎలా తెలుస్తుందండీ? దానికి డిజిటల్‌లో, కొన్ని సంచికలు కలిపి సంపుటాలుగా వచ్చినప్పుడు బాగా ఆదరణ దొరికింది. పుస్తకాల షాపులో కొనే అమ్మాయి ఈ లిస్టులో ఎక్కడా లేదు. జి. విల్లో విల్సన్, అడ్రియన్ అల్ఫోనా కలిసి చేసిన ఆ మొదటి సంపుటికి 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకి ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది.

హరి_డల్లాస్:
నాకు బ్యాట్‌మాన్ ఒక్కటి చాలండీ ప్లీజ్.

వెంకట్_కూకట్‌పల్లి:
హరీ, కాలమ్ మార్చాక ఇంకో గోతిలో పడకు. కింగ్ 2016 జూన్‌లో మళ్లీ ఒకటో నంబర్‌తో మొదలుపెట్టినప్పటి నుంచి బ్యాట్‌మాన్ నెలకి రెండుసార్లు వచ్చింది. నెల మొత్తం కూడితే కింగ్ రాగానే అమ్మకాలు రెట్టింపయ్యాయని వస్తుంది, మాస్టారు నవ్వుతారు. సంచిక లెక్కన వేయి. ఒకటో సంచిక, 50వ సంచిక లాంటివి గ్రాఫ్‌లో ఉంచు కానీ సగటులో కలపకు. 2018 జులైలో వచ్చిన ఆ 50వది పెళ్లి సంచిక. షాపుకో కవర్ అన్నట్టు వేరియంట్లు వేశారు, లలిత గారి మాట అక్కడ నూటికి నూరుపాళ్లు నిజం.

ఇంకోటి. షాపులు రెండు నెలల ముందే ఆర్డర్ పెడతాయి, తుది మార్పుకి గడువు సుమారు మూడు వారాల ముందే అయిపోతుంది. నెలకి రెండుసార్లు వచ్చే సిరీస్‌లో కొత్త రచయిత మొదటి సంచిక జనం చదివేసరికి రెండోదానికి గడువు దాటిపోయి ఉంటుంది. మూడు, నాలుగుకి మొదటి ఆర్డర్లు కూడా అప్పటికే గుడ్డిగా పెట్టేసి ఉంటారు. కాబట్టి మొదటి మూడు నాలుగు సంచికల్లో కనిపించేది రచయిత పనితనం కాదు, షాపతని ఆశ. ఐదోదాని నుంచి చూడు. ఏ సిరీస్ అయినా ఒకటి తర్వాత రెండు పడుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా కరుగుతూ పోతుంది. ఆ కరుగుడు వేగం మారిందా లేదా అన్నదే నీ ప్రాజెక్టు.

నన్నడిగితే రచయిత మార్పు కంటే 2015 జూన్ 41వ సంచిక తీసుకోవడం మేలు. రచయిత స్నైడరే, బొమ్మలు గ్రెగ్ కాపుల్లోవే. అసలు బ్యాట్‌మాన్ అయిన బ్రూస్ వేన్‌ని పక్కనపెట్టి పోలీస్ కమిషనర్ గోర్డాన్‌కి బ్యాట్‌మాన్ రోబో సూట్ తొడిగారు. మనుషులు మారకుండా కథ దారి ఒక్కటే మారింది, అలాంటి సందర్భం మళ్లీ దొరకదు.

పాతపుస్తకాల_శాస్త్రి:
దొరకకపోవడమేమిటి? పసుపు గుండ్రం సంగతి ఇందాకే చెప్పాను కదా.

చార్టు_రాజు:
అక్కడ నెలవారీ లెక్క లేదు. ఏడాది సగటు.

పాతపుస్తకాల_శాస్త్రి:
ఏడాది సగటైనా అది అసలు లెక్క నాయనా. మీది అంచనా మీద అంచనా.

హరి_డల్లాస్:
కాలమ్ మార్చా, కదిలింది. మార్చి 2020 దగ్గర ఆపేశా. లేబుల్ “షాపుల ఆర్డర్లు (అంచనా)” అని పెట్టా, గొడవ లేకుండా. థాంక్స్ అందరికీ, పడుకుంటున్నా. ఒక్క డౌట్, చివర్లో 89వ సంచిక దగ్గర హడావుడి ఎందుకు?

వెంకట్_కూకట్‌పల్లి:
పంచ్‌లైన్. జోకర్ కొత్త జోడీ. అందులోనే మొదటిసారి కనిపించిందని జనం ఎగబడి కొన్నారు, మళ్లీ మళ్లీ అచ్చేశారు. కథ కోసం కాదు, దాచుకుని అమ్ముకోవడానికి.

గబ్బిలం_గుంటూరు:
89లో ఉన్నది ఊరికే ఒక తొంగిచూపు. మొదటిసారి అంటే 92.

లాంగ్‌బాక్స్_లలిత:
92 కంటే ముందు హెల్ అరైజెన్ మూడో సంచిక వచ్చింది. అందులో ఉంది.

గబ్బిలం_గుంటూరు:
అది పక్క సిరీస్. దాన్ని ఎలా లెక్కేస్తారు?

చార్టు_రాజు:
దీనికి వేరే చర్చ పెట్టుకోండి.

గబ్బిలం_గుంటూరు:
పెట్టాను. అందరూ అక్కడికి రండి.