అప్‌డేట్: తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి కోపం గురించి

మా అబ్బాయి బడిలో తరచూ గొడవలకు దిగుతున్నాడని, ఇంట్లో చిన్న మాటకే వస్తువులు విసిరేస్తున్నాడని, ఇది మా పెంపకంలోని లోపమేనా అని మూడు నెలల క్రితం అడిగాను. మీలో కొందరు సూచించినట్టే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు తీసుకువెళ్లాము.

భారతీయ పిల్లల కోసం రూపొందించిన మాలిన్ పరీక్షలో వాడి తెలివితేటలు సగటు స్థాయిలోనే ఉన్నట్టు తేలింది. అయితే వినిపించిన అంకెలను తిరగేసి చెప్పాల్సిన చోట చిక్కు వచ్చింది: 5, 8, 2, 6 అని వినిపిస్తే వాడు "6, 2..." వరకు చెప్పి, ఆగిపోయి, చేతిలోని పెన్సిల్‌ను బల్ల మీదికి విసిరాడు. చెప్పింది మనసులో నిలుపుకొని దానితో పనిచేయవలసి వచ్చినప్పుడు తట్టుకోలేక కోపం తెచ్చుకుంటున్నాడన్నమాట. మేము దాన్నే ఇన్నాళ్లూ పొగరనుకున్నాము.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో విషయం. ఏ భావమూ లేని ముఖం ఫోటో చూపిస్తే "నన్ను కొట్టేలా చూస్తున్నాడు" అన్నాడు. దూకుడుగా ఉండే పిల్లలు ఎదుటివారి అస్పష్టమైన ప్రవర్తనలో శత్రుత్వాన్ని చూస్తారని అమెరికా మనస్తత్వవేత్త కెన్నెత్ డాడ్జ్ 1980లోనే చూపించారట.

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, ఆవేశాన్ని అదుపు చేసుకోలేకపోవడం వంటి లక్షణాలుండే సమస్య) అని నిర్ధారించి, వారానికొకసారి థెరపీ మొదలుపెట్టారు. ఇంట్లో ఇప్పుడు ఒకసారికి ఒక పని మాత్రమే చెబుతున్నాము. టీసీ తీసుకుపొమ్మన్న బడివారు రిపోర్టు చూశాక కొంత మెత్తబడ్డారు. గొడవలు ఆగలేదు గానీ, నిన్న గొడవపడి వచ్చి, ఎందుకు కోపం వచ్చిందో తనంతట తానే చెప్పాడు.