జబ్బు తగ్గిన పిల్లకి ఆ జబ్బు పేరు చెప్పాలా, దాచాలా?

నరసన్నపేట మేనమామ:
మా అక్క కూతురికి అయిదో ఏట ముక్కు వెనక గడ్డ వచ్చింది. రాబ్డోమయోసార్కోమా అన్నారు. కండరంగా మారాల్సిన కణాల్లో పుట్టే క్యాన్సర్ అది, ఎక్కువగా పిల్లలకే వస్తుంది. విశాఖలో కీమో, రేడియేషన్ రెండూ ఇచ్చారు. గడ్డ పోయింది, మళ్లీ రాలేదు. ఇప్పుడు పాప పదో తరగతి. కుడివైపు దవడ సరిగ్గా ఎదగక బుగ్గ లోపలికి పోయినట్టుంటుంది. ఆ వైపు పళ్లు చిన్నగా ఉండిపోయాయి. "చిన్నప్పుడు నాకేమైంది మావయ్యా?" అని అడుగుతోంది. అక్కా బావా మాత్రం "సైనస్ ఆపరేషన్" అనే చెప్పుకొస్తున్నారు. చెప్పేయాలని నేనంటున్నాను. ఇంట్లో రోజూ గొడవే. మీరేమంటారు?

టెక్కలి మాస్టారు:
ఇప్పుడైతే వద్దు బాబూ. మా స్కూల్లో ఒక అమ్మాయికి ఇలాగే చెప్పారు. తలనొప్పి వచ్చిన ప్రతిసారీ మళ్లీ అదేనేమోనని ఏడ్చేది, చదువు పాడైంది. మన ఊళ్ల సంగతి మీకు తెలియంది కాదు. క్యాన్సర్ అన్న మాట ఒకసారి బయటపడితే ఆ పిల్లకే కాదు, వెనకున్న చెల్లెలికీ సంబంధాలు రావు. జబ్బు తగ్గిపోయింది కదా. తల్లిదండ్రులకి తెలిస్తే చాలదా?

విజయనగరం స్టాఫ్ నర్స్:
మాస్టారూ, "తగ్గిపోయింది" అన్నదాని దగ్గరే నాకు పేచీ. తగ్గింది గడ్డ. దాన్ని తగ్గించిన వైద్యం ప్రభావం ఒంట్లో ఇంకా ఉంటుంది. ముక్కు వెనక ఇచ్చిన రేడియేషన్ పైనున్న పిట్యూటరీ గ్రంథికి తగిలితే ఎదుగుదల హార్మోన్ తగ్గుతుంది. మెడకి కూడా ఇచ్చి ఉంటే థైరాయిడ్ కొన్నేళ్లకి మందగించవచ్చు. లాలాజలం తగ్గితే పళ్లు తొందరగా పుచ్చుతాయి. కంటికి దగ్గరగా పడితే శుక్లం రావచ్చు. రేడియేషన్ పడిన చోట కొత్త క్యాన్సర్ పుట్టే ప్రమాదం దశాబ్దాల తర్వాత కూడా మిగతావాళ్లకంటే ఎక్కువే. ఇవన్నీ అందరికీ వస్తాయని కాదు. కానీ వచ్చేసరికి పిల్ల అమ్మ దగ్గర ఉండదు, హైదరాబాద్ హాస్టల్లోనో అత్తారింట్లోనో ఉంటుంది.

రేపు అక్కడ పన్ను నొప్పి పుట్టిందనుకోండి. చిన్నప్పుడు ఏమైనా జబ్బు చేసిందా అని పళ్ల డాక్టర్ అడుగుతాడు. సైనస్ అంటుంది. ఆయన పన్ను పీకేస్తాడు. రేడియేషన్ గట్టిగా పడిన దవడ ఎముకకి రక్తం సరిగ్గా అందదు. పీకిన చోట పుండు మానక ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. సంగతి ముందే తెలిస్తే ఆయన క్యాన్సర్ డాక్టర్‌ని అడక్కుండా చెయ్యి వెయ్యడు.

పెళ్లి గురించి భయపడుతున్నారు కదా, నాకు అందుకే ఇంకా టెన్షన్. కీమోలో ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులు మోతాదును బట్టి అండాశయాలను దెబ్బతీయొచ్చు. థైరాయిడ్ తగ్గిన సంగతి తెలియకుండా గర్భం వస్తే కడుపులో బిడ్డకీ నష్టమే. టీఎస్‌హెచ్ అనే మామూలు రక్తపరీక్షతో అది తెలిసిపోతుంది, శ్రీకాకుళంలోనే చేయించుకోవచ్చు. కానీ ఎందుకు చేయించుకోవాలో పిల్లకి తెలియాలిగా!

రాజాం తల్లి:
మా బాబుకి రెండేళ్లప్పుడు ఫొటోలో కనుపాప తెల్లగా మెరిసింది. రెటినోబ్లాస్టోమా, అంటే పిల్లల కంట్లో పుట్టే క్యాన్సర్. కన్ను తీసేసి కృత్రిమ కన్ను పెట్టారు. దాచే వీలు మాకెక్కడిది? చిన్నప్పుడు "కంట్లో చెడ్డ గడ్డ" అన్నాం, పెద్దయ్యాక అసలు పేరు చెప్పాం. ఏడ్చాడు, కోప్పడ్డాడు, తర్వాత బోలెడు ప్రశ్నలు అడిగాడు. ఈ జబ్బు కొందరికి ఆర్‌బీ1 అనే జన్యువులో పుట్టుకతోనే ఉన్న దోషం వల్ల వస్తుంది. రెండు కళ్లకీ వస్తే అది వంశంలో దిగేదే, ఒక కంటికి వచ్చినవాళ్లలోనూ కొందరికి అంతే. అలాంటివాళ్లకి పుట్టే ఒక్కో బిడ్డకీ ఆ జన్యుదోషం వచ్చే అవకాశం 50 శాతం. పుట్టగానే కళ్లు చూపిస్తే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు. ఈ సంగతి నా కొడుక్కి తెలియకపోతే నా మనవడి కన్ను ఎవరు కాపాడతారు?

టెక్కలి మాస్టారు:
పన్ను సంగతి, గర్భం సంగతి నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. అయినా రెండు మాటలు. పబ్లిక్ పరీక్షల ముందు వద్దు. తల్లిని కాదని మేనమామ చెప్పడమూ సరికాదు. ఇన్నేళ్లూ అమ్మ అబద్ధం చెప్పిందని ఆ పిల్ల మనసులో పడిపోతుంది.

విజయనగరం స్టాఫ్ నర్స్:
ఆ రెండూ నిజమే. పరీక్షలయ్యాక, తల్లి పక్కన ఉండగా, వైద్యం చేసిన డాక్టర్ చేతే చెప్పించండి. ఈలోగా ఆస్పత్రి నుంచి చికిత్స వివరాల కాగితం తీసుకోండి. జబ్బు పేరు, ఏ మందు మొత్తం ఎంత ఇచ్చారు, రేడియేషన్ ఏ భాగానికి ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదుకి కొలత), ఏ తేదీల్లో, అన్నీ అందులో ఉండాలి. పాత రికార్డులు దొరకడం ఏటికేడూ కష్టమవుతుంది. చెకప్‌కి వెళ్లేటప్పుడు క్యాన్సర్ రోగులకిచ్చే రైలు రాయితీ ఫారం కూడా అడగండి.

నరసన్నపేట మేనమామ:
ఇదంతా అక్కకీ బావకీ చదివి వినిపించాను. పన్ను మాట దగ్గర బావ మెత్తబడ్డాడు. అక్క మాత్రం "రేపు సంబంధం వస్తే ఏం చెప్పాలి" అంటూ అక్కడే ఆగిపోయింది.

రాజాం తల్లి:
అమ్మకి ఆ బెంగ ఉంటుంది తమ్ముడూ, తీసిపారేయకండి. కానీ పెళ్లివారికి ఎప్పుడు, ఎంత చెప్పాలో ఆ రోజుకి పెద్దదైన ఆ పిల్లే తేల్చుకుంటుంది. తనకే తెలియనిదాన్ని ఎలా తేల్చుకుంటుంది? అక్కకి ఇష్టమైతే నాకు ఫోన్ చెయ్యమనండి, నంబర్ మీకు విడిగా పంపుతాను.

నరసన్నపేట మేనమామ:
పంపండి అక్కా. కాగితం కోసం సోమవారం బావ, నేను విశాఖ వెళ్తున్నాం.