డిమెన్షియా ఉన్న అమ్మ ఒళ్లో రోబో పెట్టడం మోసమేనా?

వెన్నెల_22:
అమ్మకు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) వచ్చి నాలుగేళ్లయింది. ఇప్పుడు వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటోంది. సాయంత్రమయ్యేసరికి ఇంటికి వెళ్లిపోతానంటూ తలుపు దగ్గరే నిలబడుతుంది. ఎవరు చెప్పినా వినదు. అక్కడివాళ్లు పారో అనే రోబోను రోజూ కాసేపు ఒళ్లో పెడతామంటున్నారు. సీల్ పిల్లలా ఉంటుంది, ఒంటినిండా తెల్లటి బొచ్చు, నిమిరితే కదులుతుంది, చిన్నగా కూస్తుంది. నాకు మంచిదే అనిపించింది. అన్నయ్య ససేమిరా అంటున్నాడు. "అమ్మ దానికి ప్రాణం ఉందనుకుంటుంది. తెలియని మనిషిని మోసం చేస్తామా?" అంటాడు. ఈ విషయం మీద ఇద్దరం రెండు రోజులుగా మాట్లాడుకోవడం లేదు. మీరేమంటారు?

రాత్రి_డ్యూటీ:
నేను నర్సును. ఇలాంటి వార్డులోనే పదకొండేళ్లుగా చేస్తున్నాను. పారో ఆటబొమ్మల దుకాణం నుంచి వచ్చింది కాదండి. జపాన్‌లో తకనోరి షిబాటా అనే ఇంజినీరు 1993లో ఈ పని మొదలుపెట్టారు. 2009లో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని వైద్య పరికరాల కింద చేర్చింది. సీల్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, కుక్కా పిల్లీ ఎలా ఉంటాయో అందరికీ తెలుసు, కాస్త తేడా ఉన్నా పట్టేస్తారు. సీల్‌ను పెంచినవాళ్లు ఎవరుంటారు?

ఆస్ట్రేలియాలో 28 కేంద్రాల్లో 415 మంది డిమెన్షియా రోగులతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. కొందరికి పారో ఇచ్చారు, కొందరికి అదే పారోను రోబో పనులన్నీ ఆపేసి మెత్తటి బొమ్మలా ఇచ్చారు, మిగతావాళ్లకు మామూలు సంరక్షణే. మామూలు సంరక్షణతో పోలిస్తే పారో ఇచ్చినవాళ్లలో సంతోషం పెరిగింది, ఆందోళన కొంత తగ్గింది. అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బొమ్మతో పోల్చినప్పుడు పారో మెరుగనిపించింది ఒక్క విషయంలోనే. దాన్ని చూడటం, దానితో మాట్లాడటం ఎక్కువైంది.

కుదురుగా ఉండలేని మనిషికి మత్తుమందు ఇచ్చి పడుకోబెట్టిన రాత్రులు నాకు గుర్తున్నాయి. వాటితో పోలిస్తే ఈ 'మోసం' నాకు పెద్దగా బాధ కలిగించదు.

సూటిగా:
రాత్రి_డ్యూటీ గారూ, మీరు చెప్పిన ఆ ఒక్క తేడా దగ్గరే నా అభ్యంతరం. మెత్తటి బొమ్మతోనూ మనసు కుదుటపడుతుంటే, రోబో అదనంగా చేస్తున్నదేమిటి? ఆమె చూపును, మాటను తనవైపు లాక్కుంటోంది. పారో నేర్చుకుంటుంది కదా. ఏం చేస్తే నిమిరారో అది మళ్లీ చేస్తుంది, ఏం చేస్తే దెబ్బ పడిందో అది తగ్గించుకుంటుంది, పెట్టిన పేరుకు పలుకుతుంది. బొమ్మ మీద ప్రేమ అమ్మ తనంతట తాను చూపించేది. ఇక్కడ అవతలి వస్తువు ఆ ప్రేమను రాబట్టుకోవడం నేర్చుకుంటోంది.

1966లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ప్రొఫెసర్ ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రాం రాశారు. మనం టైప్ చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే. ఆయన దాన్ని తయారుచేయడం నెలల తరబడి చూసిన సెక్రటరీయే, దానితో మాట్లాడుతూ ఆయన్ని కాసేపు గదిలోంచి బయటికి వెళ్లమందట. ప్రోగ్రాం అని తెలిసినవాళ్లకే అలా అయితే, తెలిసే అవకాశమే లేని మనిషి సంగతేమిటి? ఇంకొకటి. రోబో ఉంది కదా అని రేపు మనుషుల రాక తగ్గితే?

నడక_నేర్పేవాణ్ణి:
ఫిజియోథెరపిస్టును. నేర్చుకోవడాన్నే తప్పు పడితే ఎలాగండీ? ఎందుకోసం నేర్చుకుంటోందన్నది చూడాలి. పక్షవాతం వచ్చినవాళ్ల కోసం అమెరికాలో రోబోల మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ మాయా మతారిచ్ బృందం తయారుచేసిన రోబోలు రోగిని అసలు తాకవు. పక్కన ఉండి వ్యాయామం చేయిస్తాయి, ఉత్సాహపరుస్తాయి. ఎంత దూరంలో నిలబడాలి, మెత్తగా చెప్పాలా గట్టిగా చెప్పాలా అన్నది మనిషి స్వభావాన్ని బట్టి మార్చుకుంటాయి. అక్కడ రోగికి అది యంత్రమని తెలుసు. ఫలితం చేతి కదలికలో కొలుస్తాం, రోబో మీద ఎంత ఇష్టం పెరిగిందని కొలవం. వెన్నెల గారూ, మీరూ ఆ కేంద్రాన్ని అదే అడగండి. అమ్మ దాన్ని ఎంతసేపు పట్టుకుందని రాసుకుంటారా, ఆ రాత్రి ఎలా నిద్రపోయింది, తోటివాళ్లతో ఎన్ని మాటలు మాట్లాడింది అని రాసుకుంటారా?

అలవాటు చేసి తీసేయడం గురించి కూడా ఆలోచించండి. మాక్సీ అనే పిల్లల రోబోను తయారుచేసిన కంపెనీ 2024 డిసెంబరులో మూసేస్తున్నట్టు చెప్పింది. అది క్లౌడ్ మీద, అంటే ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండే కంప్యూటర్ల మీద ఆధారపడింది కాబట్టి ఇక పనిచేయకపోవచ్చని తల్లిదండ్రులు పిల్లలకు చెప్పుకోవాల్సి వచ్చింది. మీ అమ్మగారి దగ్గర ఉన్నది పాడైతే ఏం చేస్తారో ముందే అడిగి ఉంచుకోండి.

రాత్రి_డ్యూటీ:
సూటిగా గారూ, మనుషుల రాక గురించి మీరన్నది నిజం. ఒళ్లో పెట్టేసి వెళ్లిపోతే నేనూ ఒప్పుకోను. పక్కన ఒక మనిషి కూర్చుంటే మాత్రం కబుర్లు మొదలవుతాయి. నెలల తరబడి నోరు విప్పని ఒకావిడ తన చిన్నప్పటి దూడ గురించి చెప్పింది నాకు. ఆ మాటలు చెప్పింది రోబోకు కాదండీ, నాకు.

వెన్నెల_22:
అందరి మాటలూ అన్నయ్యకు చదివి వినిపించాను. మొదటి వారం స్విచ్ ఆపి ఇవ్వమని అడిగాం, సరేనన్నారు. తర్వాతి వారం ఆన్ చేసి చూస్తాం. రెండు వారాలూ ఎవరో ఒకరం పక్కనే ఉంటాం. నిద్ర, మాటలు నోట్‌బుక్‌లో రాస్తాం. "దీనికి ప్రాణం ఉందా?" అని అమ్మ అడిగితే యంత్రమనే చెప్పాలని అన్నయ్య పట్టుబట్టాడు, ఒప్పుకున్నాను. అడగకుండా తనంతట తానే ముద్దుపేరు పెట్టి పిలుచుకుంటే ఆపాలా వద్దా అన్నదే ఇంకా తేలలేదు.

సూటిగా:
పిలుచుకోనివ్వండి. మీరు మాత్రం ఆ పేరుతో పిలవకండి.